ఒక అక్షరం ఎక్కువ

సిద్దిపేట,
ఆగస్టు 8.

భరణక్కకు,

బస్సు పార్సిల్‌ల నువ్వు పంపిన ఐదో రాణి కాగితాలు అందినయి. ముప్పై ఆరు పేజీలు. పదిహేడో నంబరు రెండుసార్లు వేసినవు, పద్దెనిమిది లేనే లేదు. చదివి చూస్తే కథ ఎక్కడా తెగలేదు కాబట్టి నంబర్లు నేనే దిద్దుకున్న. సోమవారం నుంచి మంచి ప్రతి రాస్తున్న. ఆయన షాపుకు పోయినంక, వంటింటి పని ఒడిసినంక, రోజుకు నాలుగు పేజీలు. టైపు చేసేటాయనకు నీ రాత తెలియదు, నా రాత లేకుంటే నీ పుస్తకం అచ్చుకే పోదని మీ కాలేజీల అందరికీ చెప్తున్నవట. చెప్పు, చెప్పు. వినడానికి బాగనే ఉన్నది.

ఇప్పటిదాక నాలుగు రాణుల కథలు రాసిచ్చిన. ఒక్కరి మీద కూడా కోపం రాలేదు. ఈ కరోలిన్ మీద వస్తున్నది. తల్లిదండ్రి లేని పిల్ల, బాగ చదువుకున్నది, ఇంగ్లండ్ రాజు రెండో జార్జ్‌కు పెండ్లామయింది. రాజ్యం నడిపింది ఈమె, తనే నడుపుతున్ననని అనుకున్నది ఆయన. అంతవరకు మంచిగనే ఉన్నది. కాని మొగుడు ఉంచుకున్న హెన్రియెట్టాను తన గదిలనే పనికి పెట్టుకునుడేంది అక్కా? రాణి మొఖం కడుక్కుంటుంటే ఆమె మోకాళ్ళ మీద కూసొని పళ్ళెం పట్టాలె, అది అక్కడి రివాజు. ఆమె పట్టనన్నది. రాణి నవ్వి, నువ్వే వచ్చి పట్టుకుంటవు పో అన్నది. కొన్ని దినాలకు వచ్చి పట్టనే పట్టింది! ఆ పేజీ రాస్తుంటే నాకు ఎంత కమ్మగున్నదో. కాగితం నలిగిందని సాకు పెట్టుకొని రెండుసార్లు రాసిన.

ఇగ ఇంటి ముచ్చట. జగదేవ్‌పూర్ పొలంల ఉన్న మీ అక్క సమాధి పెచ్చులు ఊడుతున్నదని, దాన్ని విప్పి నల్లరాయితోని కొత్తగ కట్టిస్తున్నడు మీ బావ. మేస్త్రి పర్శరాములు టేపు పట్టుకొని ఇంటికి వచ్చిండు. ఇద్దరు కూసొని అక్క పేరు ఏ అక్షరాలల్ల చెక్కాలె, చుట్టూ పూలు చెక్కాలెనా తీగె చెక్కాలెనా అని గంటసేపు మాట్లాడిన్రు. నేను రెండుసార్లు చాయ్ ఇచ్చిన. "శ్రీలేఖకు మల్లెపూలంటే పానం" అన్నడు ఆయన. నాకేం పూలంటే పానమో అడుగు, చెప్తడేమో చూద్దాం.

నీకు కాకుంటే ఎవరికి చెప్పుకోను? నీ అక్క పోయినంక వచ్చిన రెండో పెండ్లాన్ని. పుస్తెల పక్కన అక్క పేరు మీద బంగారు బిళ్ళ వేసుకొని ఇరవై రెండేండ్లయింది. కొత్త చీర వస్తే ముందుగాల అక్క ఫోటో కాడ పెట్టాలె, పసుపు కుంకుమ పెట్టాలె, తర్వాతనే నేను కట్టాలె. చీరల లెక్క రాసుకునే నా పుస్తకం తీసి చూసిన. నూట నలభై మూడు చీరలు. ఒక్కటి కూడా ముందుగాల నా ఒంటి మీదికి రాలేదు.

ఇవన్నీ ఫోన్ల చెప్తే నీకు సగం వినపడదు, సగం విన్నట్టు చేస్తవు. అందుకే రాసిన.

ప్రమీల


గజ్వేల్,
ఆగస్టు 17.

చిరంజీవి ప్రమీలకు,

నీ ఉత్తరం చేరింది. నంబర్లు దిద్దినందుకు సంతోషం. హెన్రియెట్టా పేజీ రెండు ప్రతులూ పంపావు, ఒకటి నా దగ్గరే పెట్టుకున్నాను.

కరోలిన్ మీద నీ కోపం అర్థమైంది గాని, చరిత్ర చదివేటప్పుడు మన ఇంటి కొలతలు అక్కడికి తీసుకుపోకూడదు. ఆమెకు తెలుసు, మొగుడు ఎటూ ఒకరి దగ్గరికి పోతాడు. పోయే మనిషి ఎవరో తన కళ్ళముందు ఉంటే మేలనుకుంది. అది లొంగుబాటు కాదు, తెలివి. తర్వాత ఆయన జర్మనీకి వెళ్ళి ఇంకొక ఆమె మీద మనసు పడి, ఆ ముచ్చట్లన్నీ పేజీలకు పేజీలు పెళ్ళానికే ఉత్తరాలు రాశాడు. ఆమె చదివింది, జవాబులూ రాసింది. చదవడం ఎంత కష్టమో నువ్వే ఊహించుకో.

ఇప్పుడు చివరి పది పేజీలు పంపుతున్నాను. చివరి కాన్పులో వచ్చిన జబ్బును ఆమె పదమూడేళ్ళు దాచిపెట్టింది. అదే ప్రాణం తీసింది. చనిపోయే ముందు భర్తను పిలిచి మళ్ళీ పెళ్ళి చేసుకోమంది. ఆయన వెక్కివెక్కి ఏడుస్తూ, లేదు, ఉంపుడుగత్తెలతో ఉంటాను అన్నాడు. అయ్యో దేవుడా, అందుకు పెళ్ళి అడ్డమా అన్నది ఆమె. ఈ భాగం జాగ్రత్తగా రాయి, పుస్తకానికి ఇదే ప్రాణం.

అక్క సంగతి. ప్రమీలా, ఈ లోకంలో లేని మనిషితో పోటీ ఏమిటి? మా అక్క నీకేమీ అన్యాయం చేయలేదు. పోయే ముందు బావను మళ్ళీ పెళ్ళి చేసుకోమని తనే చెప్పింది. సంబంధం మాట్లాడడానికి దుబ్బాకలో మీ ఇంటికి వచ్చినప్పుడు మా అమ్మ మీ వాళ్ళకు చెప్పిన మాట నీకు గుర్తుంది కదా. అంత పెద్ద మనసు అందరికీ ఉండదు. సమాధి కట్టించడం బావ ఇష్టం. మనం కలగజేసుకోవద్దు.

భరణి


సిద్దిపేట,
సెప్టెంబర్ 5.

భరణక్కకు,

నలభై ఆరు పేజీల మంచి ప్రతి మొత్తం పంపుతున్న. రాసుడు అయిపోయింది గాని రాణి నన్ను ఇడుస్తలేదు.

నువ్వు పెద్ద మనసు అన్నవు. మీ అమ్మ భారతమ్మ మా ఇంటి అరుగు మీద కూసొని, "మా బిడ్డ దేవత, తానే మొగునితోని చేసుకో అన్నది" అని కండ్లొత్తుకున్నది నాకు మంచిగ గుర్తున్నది. మా అవ్వ అప్పుడే అన్నది, "గంత మంచిదాని జాగల పోతున్నవు బిడ్డా, బద్రంగుండు" అని. అప్పటి సంది బద్రంగనే ఉన్న. ఉప్పు ఒక రవ్వ ఎక్కువైతే కూడా దేవత చూస్తున్నదనిపిస్తది.

అసలు సంగతికి వస్త. మొన్న ఆయన అంగీ ఉతకడానికి తీస్తే జేబుల పర్శరాములు గీసిచ్చిన కాగితం దొరికింది. పక్కపక్కన రెండు సమాధి గద్దెలు. ఒకదాని మీద శ్రీలేఖ, పుట్టిన తేదీ, పోయిన తేదీ. రెండోదాని మీద సుధాకర్, పుట్టిన తేదీ, ఒక గీత, గీత పక్కన ఖాళీ. రెండు గద్దెల నడుమ గోడ లేదు. మేస్త్రి తన చేతితోనే రాసిండు: "మధ్యల గోడ వద్దు".

అదే దినం నేను నీ నలభై నాలుగో పేజీ రాస్తున్న. రాణి పోయిన ఇరవై మూడేండ్లకు రాజు పోయిండు. తన పెట్టె, ఆమె పెట్టె పక్కపక్కన పెట్టి, నడిమి చెక్కలు తీసేయమన్నడు, ఇద్దరి మట్టి కలవాలని. రాసుడు ఆపి, కలం మూత పెట్టి, వంటింట్ల నీళ్ళు తాగొచ్చి మళ్ళ కూసున్న.

ఆయనకు యాభై ఎనిమిది, నాకు నలభై ఏడు. ఇప్పుడే ఎవరం పోతలేము. కాని పోయినంక నేనెక్కడ అక్కా? ఆ పొలంల అటు పత్తి, ఇటు బాయి, నడుమ వాళ్ళిద్దరు. ఆయన తోని అక్క ఉన్నది ఎనిమిదేండ్లు. నేనున్నది ఇరవై రెండు. ఆయనకు పంటి నొప్పి ఏ దిక్కున లేస్తదో నాకు తెలుసు. నా జాగ నాకు కావాలె. ఇంకేం అడుగుతలేను.

నీ మాటంటే ఆయన వింటడు. నువ్వు వస్తున్నవంటేనే గడ్డం గీసుకుంటడు. ఒక్కసారి నువ్వే అడుగు.

ప్రమీల


గజ్వేల్,
సెప్టెంబర్ 12.

ప్రమీలా,

నలభై ఒకటో పేజీ, మూడో వరుస.

నీకు ఎవరు చెప్పారు? బావ చెప్పాడా? చెబితే ఎప్పుడు చెప్పాడు, ఏమని చెప్పాడు? తెలిసి ఇన్నాళ్ళూ నాతో మామూలుగా ఉత్తరాలు రాశావా? నాకు చెప్పదలిస్తే నేరుగా చెప్పవచ్చు కదా, రాణి నోట్లో పెట్టి పంపడం ఎందుకు?

వెంటనే జవాబు రాయి. బావకు ఈ ఉత్తరం చూపించకు.

భరణి


సిద్దిపేట,
సెప్టెంబర్ 20.

భరణక్కకు,

నీ ఉత్తరం చదివి ముందుగాల భయమైంది. నీ రాతల గంత కోపం ఎన్నడు చూడలే. నీ కాగితాలు, నా దగ్గర ఉంచుకున్న కార్బన్ ప్రతి పక్కపక్కన పెట్టి చూసిన.

నువ్వు రాసింది: "రాణి భర్త చేయి పట్టుకొని, మళ్ళీ పెళ్ళి చేసుకో అన్నది."

నేను రాసింది: "రాణి భర్త చేయి పట్టుకొని, మళ్ళీ పెళ్ళి చేసుకోకు అన్నది."

ఒక అక్షరం ఎక్కువ పడ్డది. కు. దాని కింద రాజు జవాబుకు అర్థమే లేకుండ పోయింది. నాలుగు రాణుల కథలల్ల ఒక్క పొల్లు తప్పు పోలేదు, ఇక్కడ నా చెయ్యి నా మాట వినలేదు. నీ తోని అబద్ధమెందుకు, రాసేటప్పుడు నా మనసుల ఉన్నది గదే. ఏ పెండ్లాం అంటది అక్కా, పానం పోతుంటే, ఇంకోదాన్ని తెచ్చుకో అని? అన్నా లోపల అనుకునేది వేరే ఉంటది. లోపలిది రాసినట్టున్న.

అది తప్పు. క్షమించు. పేజీ తిరగరాసిస్త.

కాని అక్కా, నేను తప్పు రాస్తే నువ్వు "తప్పు రాసినవు" అనాలె. "ఎవరు చెప్పిన్రు" అన్నవు. ఎవరన్న చెప్పడానికి ఏమున్నది?

రెండు దినాలు చూసిన. మూడోనాడు పొద్దున ఆయన రొట్టె తింటుంటే అడిగిన, "అక్క పోయేటప్పుడు నీతోని ఏమన్నది?"

చెయ్యి కంచంలనే ఆగింది. "గిప్పుడెందుకే ఆ ముచ్చట?"

"ఊకెనే. పెండ్లి చేసుకో అన్నదంట గదా."

"అన్నది."

"గంతేనా?"

"షాపుల లోడు దిగుతది" అని లేచిండు. సగం రొట్టె గట్లనే ఉన్నది. ఆ దినం లోడు లేదు. విత్తనాల లారీ వచ్చేది శుక్రవారం, ఆ దినం మంగళవారం.

ఇగ నువ్వు చెప్పాలె. దేవతకు పసుపు కుంకుమ పెట్టేది నేను. ఆమె ఏమన్నదో తెలుసుకునే హక్కు నాకున్నది.

ప్రమీల


గజ్వేల్,
సెప్టెంబర్ 28.

ప్రమీలా,

నాలుగైదు రోజులు పుస్తకాల భాషలో రాసి చింపేశాను. ఇగ ఇంట్ల మాట్లాడినట్టే రాస్త.

హైదరాబాద్ దవాఖానల, మధ్యాహ్నం. అమ్మ కింద మందులకు పోయింది. నేను సంత్రాలు తీసుకొని వచ్చి తలుపు కాడ నిలబడ్డ. అక్క బావ చెయ్యి పట్టుకొని ఉన్నది. "ఎవరినన్న చేసుకో. భరణిని చేసుకోకు" అన్నది. అప్పుడే నన్ను చూసింది. నన్ను చూసినంక గొంతు తగ్గిస్తదనుకున్న. తగ్గించలే. నా మొఖం చూసుకుంటనే ఇంకోసారి అన్నది, "భరణిని చేసుకోకు."

మా నడుమ ఏమన్న ఉండెనా అని నువ్వు అడుగుతవు. బావ దిక్కు నుంచి ఏమీ లేకుండె. నన్ను బండి మీద కాలేజీకి దించేటోడు, గంతే. నా దిక్కు నుంచి ఉండె. నేను ఎవరికీ చెప్పలే, కాని అక్క చూసింది. మంచంల పడి ఉన్న మనిషికి అందరి మొఖాలు చూసుడు తప్ప వేరే పనేముంటది?

అక్క పోయినంక ఏడాది కాకముందే అమ్మ మొదలువెట్టింది, మరదలే ఉండంగ బయటి పిల్ల ఎందుకని. బావ వద్దన్నడు. ఎందుకో చెప్పలే. నా పరువు కాపాడిండని అప్పుడు అర్థం కాలే, అక్క మాట సాకే, అసలు నేనే నచ్చలేదనుకొని రెండు నెలలు అన్నం సయించలే. ఆఖరుకు నేనే వద్దన్న. అక్క ఏమన్నదని అమ్మ అడిగితే సగం చెప్పిన. "చేసుకో" అన్నదని చెప్పిన. ఆ "కు" నేనే మింగిన. అమ్మ దాన్నే దేవతను చేసి మీ అరుగు మీద కూసోవెట్టింది. ఇరవై రెండేండ్లు కడుపుల పెట్టుకున్న అక్షరం నీ చక్కటి రాతల కండ్లముందుకు వచ్చేసరికి నీకు ఎవరో చెప్పిన్రనుకున్న.

ఇంకోటి కూడా చెప్పేస్త. సంబంధాలు చూసుడు నాకే అప్పజెప్పిన్రు. ముగ్గురు పిల్లలను చూసినం. నిన్నే చెయ్యాలని పట్టుబట్టింది నేను. ముగ్గురిల నువ్వే నల్లగున్నవని. నాకంటె అందగత్తె ఆ ఇంట్లకు పోవద్దనుకున్న. పేరు రాయమని కాగితమిచ్చిన, గుర్తున్నదా? నీ రాత చూసినంక భయమైంది. ఇంత కుదురుగ రాసేది ఇల్లు కూడా గింతే కుదురుగ పెట్టుకుంటది, బావకు ఎవ్వరూ యాదికి రారు అనుకున్న. అప్పటికే మాట ఇచ్చేసినం.

నేను పెండ్లి ఎందుకు చేసుకోలేదని నువ్వు ఎన్నడూ అడగలే. నీ మంచితనం. పుస్తకం సాకు, మంచి ప్రతి సాకు. నీ ఉత్తరాలల్ల బావ ఉన్న వరుసలు రెండుసార్లు చదువుత. నేను వస్తున్ననంటే గడ్డం గీసుకుంటడని రాసినవు. అది ఎన్నిసార్లు చదివిన్నో చెప్ప.

సమాధి ముచ్చట నేను ఆయనను అడగలేను. ఎందుకో ఇప్పుడు నీకు తెలుసు.

బతుకమ్మకు చీర పంపుతున్న. మీ దుబ్బాక మగ్గం మీదిదే, నెమలికంఠం రంగు. దీన్ని అక్క ఫోటో కాడ పెట్టకు. ముందుగాల నువ్వే కట్టు. నూట నలభై నాలుగోదన్న నీదై ఉండాలె.

భరణి


సిద్దిపేట,
అక్టోబర్ 3.

భరణక్కకు,

నల్లగున్ననని చేసినవా! నీ ఉత్తరం పొయ్యిల పెడ్దామని అగ్గిపెట్టె దాక పోయిన. తర్వాత కాగితాలు నంబర్ల వరుసల పెట్టి బీరువల దాచిన. నా బుద్ధి గంతే.

కోపం చాన వచ్చింది. ఇన్నేండ్లు ఇంట్లకు వచ్చి నా చేతి పచ్చడి తిని, "బావా, ఉప్పు సరిపోయిందా" అని అడిగేదానివి. నేను అదంత మర్యాద అనుకున్న. నువ్వొచ్చిన ప్రతిసారి ఆయన ఏ అంగీ వేసుకున్నడో యాది చేసుకుంటనే ఉన్న రెండు దినాల సంది. ఒక నీలం గీతల అంగీ ఉన్నది. దాన్ని నిన్న గిన్నెలమ్మేటామెకు వేసిన.

కాని పెద్ద సంగతి వేరే ఉన్నది. నిన్న పెత్రమాస. పెద్దల పేరు మీద బియ్యం ఇచ్చేటప్పుడు అక్క పేరు చెప్పాలె. ప్రతి ఏడాది ఆ పేరు చెప్పేటప్పుడు నన్ను నేనే తిట్టుకునేదాన్ని. అంత మంచిదాని మీద అసూయ పడుతున్ననే, నా అంత పాపిష్టిది లేదని. నిన్న ఫోటో ముందు నిలబడి చూసిన. ఆ మొఖమే వేరే తీరుగ కనపడ్డది. కండ్లు జెర చిన్నగ చేసి చూస్తున్నది, ఎవరొచ్చిన్రు నా ఇంట్లకు అన్నట్టు. దేవతా కాదు, ఏమీ కాదు. నా లెక్కనే ఆడిది. పానం పోతుంటే కూడా మొగుని చెయ్యి ఇడువకుండ లెక్క చెప్పిపోయింది. నాకు నవ్వొచ్చింది. బియ్యం పట్టుకొని గట్టిగనే నవ్విన. ఆయన వచ్చి, "ఏమైందే?" అన్నడు.

"నీ పెద్ద పెండ్లాం, నేను మాట్లాడుకుంటున్నం. నీకెందుకు?" అన్న. అని ఊకోలే, అప్పుడే అడిగిన. "రెండు గద్దెలు గీయించినవు. నేనెక్కడ?"

ఆయన నన్ను తెలియని మనిషిని చూసినట్టు చూసిండు. "నువ్వా? నువ్వెక్కడికి పోతవే?"

"చావనా?"

"గీ పండుగనాడు గవేం మాటలు" అన్నడు గాని, కూసున్నడు. "నా తర్వాత ఇంట్ల నువ్వుంటవనే అనుకున్న. నువ్వు లేనిది ఎన్నడు అనుకోలే" అన్నడు. అది ప్రేమనో, తెలివి తక్కువనో నువ్వే చెప్పు, చదువుకున్నదానివి. నేనైతే అప్పుడే పర్శరాములుకు ఫోన్ చేసిన.

పొద్దున జగదేవ్‌పూర్ పోయొచ్చిన. టేపు ఒక కొస పర్శరాములు పట్టుకున్నడు, ఒక కొస నేను పట్టుకున్న. బాయి దిక్కున ఇంకా ఏడు ఫీట్ల జాగ ఉన్నది. "అమ్మా, మూడు గద్దెలైతే నడుమ ఎవరు?" అన్నడు. "ఆయన" అన్న. అటు అక్క, ఇటు నేను. "గోడలు?" అన్నడు. అక్క దిక్కు గోడ వద్దని ఆయన అన్నడు గదా, అది అట్లనే ఉండనీ. నా దిక్కున కూడా వద్దన్న. రాయి మీద నా పేరు నా చేతిరాతతోనే చెక్కాలని కాగితం మీద రాసిచ్చిన. చుట్టూ తంగేడు పూలు చెక్కమన్న. నాకు గవంటే పానం. ఆయనకు ఇప్పుడు తెలిసింది.

నాలుగో జాగ కూడా పడ్తదని పర్శరాములు అన్నడు, చింతచెట్టు దిక్కున. నేను టేపు కొస ఇడిచిపెట్టిన. ఇప్పుడు నీకు చెప్తున్న. అక్కడ నీకు జాగ లేదు, భరణక్కా. అక్క మాట అక్క మాటే. నీ దాక వచ్చి ఆగిన మాటను ఇప్పుడు ఇద్దరం కలిసి నిలబెడ్తం.

నీ చీర మంచిగున్నది. నువ్వు వద్దన్నవు గాని, ముందుగాల అక్క ఫోటో కాడనే పెట్టిన. ఇన్నేండ్లు పెట్టాలె కాబట్టి పెట్టిన. ఇది మాత్రం, నీ చెల్లె ఏం చీర పంపిందో చూడు అని చూపెట్టిన. మధ్యాహ్నం కట్టుకున్న. నెమలికంఠం నా రంగుకు బాగ కలిసింది. ఇది గూడ రాసిపెట్టుకో.

సద్దుల బతుకమ్మకు రా. గునుగు పూలు తెచ్చి పెట్టిన, ఇద్దరం పేర్చుదాం. మలీద ముద్దలు చేస్త. కాని ఆయన షాపుకు పోయినంకనే రా, ఆయన వచ్చేలోపల పో.

నలభై ఒకటో పేజీ తిరగరాసి దీంతోనే పంపుతున్న. రాణి చేసుకో అన్నది, గట్లనే రాసిన. పుస్తకంల ఆమె మాట మార్చే హక్కు నాకు లేదు. తీసేసిన "కు" మాత్రం అక్కది. అది నా దగ్గర ఉంచుకున్న.

ప్రమీల


గజ్వేల్,
అక్టోబర్ 7.

ప్రమీలా,

పేజీ అందింది. తప్పు లేదు.

బావ షాపుకు పోయేది ఇంకా పదింటికేనా?

భరణి